బఫెలో మంచు తుఫాన్లు: అంగుళాలు కాదు, గాలిని చూడండి

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయికి అమెరికాలో బఫెలోలో ఎంఎస్ సీటు వచ్చింది. ఆగస్టులో బయల్దేరుతోంది. అక్కడి మంచు తుఫాన్ల వీడియోలు చూసి వాళ్ళమ్మకి నిద్ర పట్టడం లేదు. ఇంతవరకు ఆ ఊరికి ఎలాంటి తుఫాన్లు వచ్చాయి? ఏడడుగుల మంచు పడితే మనుషులు ఎలా బతుకుతారు? పంపించవచ్చా?"

నమస్కారమండీ. నేను 2003 నుంచి బఫెలో పక్కనే ఆమ్‌హర్స్ట్‌లో ఉంటున్నాను. పంపించండి. ఏటా వందల మంది మన పిల్లలు వచ్చి చదువుకుని వెళ్తూనే ఉన్నారు. అయితే భయం అక్కర్లేదని మాత్రం చెప్పను. దేనికి భయపడాలో తెలియాలి. మీ టెన్షనంతా ఆ ఏడడుగుల మీదే ఉంది. ఇక్కడి చరిత్ర చూస్తే మనుషులు పోయింది మంచు లోతు వల్ల కాదు.

మూడు లెక్కలు చెప్తాను, చూడండి. 1977 జనవరి తుఫానులో కొత్తగా పడిన మంచు ఒక్క అడుగు. పోయినవాళ్ళు 29 మంది. 2014 నవంబర్‌లో కొన్ని చోట్ల ఏడడుగులు దాటింది. పోయినవాళ్ళు అందులో దాదాపు సగం. వాళ్ళలో చాలామంది మంచు ఎత్తిపోస్తూ గుండె ఆగి పోయినవాళ్ళు. 2022 డిసెంబర్‌లో విమానాశ్రయం దగ్గర కొలిస్తే 51.9 అంగుళాలు, అంటే నాలుగడుగుల పైచిలుకు. పోయినవాళ్ళు 47 మంది. లోతుకీ చావులకీ లెక్క కుదరడం లేదు కదా. గాలిని, ఆ గాలిలో ఎంతమంది దారి మధ్యలో ఉండిపోయారన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటే అప్పుడు కుదురుతుంది.

అసలు ఇంత మంచు ఇక్కడే ఎందుకు పడుతుందో ముందు చెప్పాలి. చలికాలం తెల్లవారుజామున మన చెరువుల మీద పొగలు లేస్తుంటాయి, చూసే ఉంటారు. నీళ్ళు వెచ్చగా, గాలి చల్లగా ఉంటే వచ్చే ఆవిరి అది. ఇక్కడి చెరువు పేరు ఈరీ సరస్సు. పొడవు 388 కిలోమీటర్లు. నైరుతి నుంచి ఈశాన్యానికి పడుకున్నట్టు ఉంటుంది. ఆ ఈశాన్యపు కొసన బఫెలో ఉంది. నవంబర్, డిసెంబర్లలో కెనడా వైపు నుంచి దిగిన చలిగాలి సరస్సు పొడవునా పరిగెత్తుకుంటూ వస్తుంది. వేసవి వేడి ఇంకా నీళ్ళలో మిగిలే ఉంటుంది. నీటికీ, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలికీ 13 డిగ్రీలకి మించి తేడా ఉంటే చాలు. గాలి ఆవిరిని మోసుకుని పైకి లేస్తుంది, మబ్బు ఒక గీతలా కడుతుంది, ఒడ్డుకి చేరగానే మోసుకొచ్చిందంతా కుమ్మరించేస్తుంది. గంటకి మూడు అంగుళాలు పడటం ఇక్కడ వింతేమీ కాదు. ఒక్కోసారి మంచు కురుస్తుండగానే ఉరుము కూడా వినబడుతుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ స్నో అంటారు.

ఆ గీత వెడల్పు చాలా తక్కువ. ఇరవై ముప్పై కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకంటే తక్కువే. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఎద్దుకి ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన అనేవాళ్ళు. ఇక్కడి మంచుకి ఆ మాట అచ్చంగా సరిపోతుంది. 2014 నవంబర్ 18న ఉదయం మా ఇంటి దగ్గర ఎండ కాస్తోంది. దక్షిణం వైపు చూస్తే నేల నుంచి ఆకాశం దాకా బూడిదరంగు గోడ. దాని అంచు కత్తితో కోసినట్టు ఉంది. ఆ గోడ లోపల లాంకాస్టర్ ఉంది, మా ఇంటికి కారులో పాతిక నిమిషాల దూరం. అక్కడున్న మా స్నేహితుడు ఫోన్ చేసి, "తలుపు తీశాను, ఎదురుగా తెల్లటి గోడ ఉంది, దాని మీద మా తలుపు అచ్చు పడింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత ఫొటో పంపించాడు. పిడి గుంటతో సహా తలుపు ఆకారం మంచులో దిగి ఉంది. ఆ వారంలో కౌల్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో 88 అంగుళాలు పడింది. బఫెలో ఉత్తర భాగంలో మాత్రం చీపురుతో ఊడ్చేసేంతే. హైవే మీద వందకి పైగా బండ్లు చిక్కుకుపోయాయి. నయాగరా యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు బస్సులోనే ఒకటిన్నర రోజు దాకా గడిపింది. స్టేడియం మంచులో మునిగిపోతే ఫుట్‌బాల్ మ్యాచ్‌ని డెట్రాయిట్‌కి మార్చారు. 2022 నవంబర్‌లోనూ అదే జరిగింది. ఆ స్టేడియం ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాలు పడింది, మ్యాచ్ మళ్ళీ డెట్రాయిట్‌కే వెళ్ళింది.

అందుకే కిటికీలోంచి చూసి బయల్దేరకూడదని కొత్తవాళ్ళకి పదే పదే చెప్తుంటాను. మన కిటికీలో ఎండ ఉంటుంది, పది మైళ్ళ అవతల బానెట్ కనబడదు.

ఇప్పుడు 1977. ఇక్కడి పెద్దవాళ్ళు "ద బ్లిజార్డ్" అంటే అదే, ఏ సంవత్సరమో చెప్పక్కర్లేదు. ఈరీ సరస్సు పెద్ద లోతైనది కాదు, సగటున 19 మీటర్లే. కాబట్టి గట్టి చలికి గడ్డకడుతుంది. గడ్డకడితే ఆవిరి ఆగుతుంది, లేక్ ఎఫెక్ట్ తగ్గిపోతుంది, ఇక గండం గడిచినట్టేనని జనం ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఏడాది, అంటే 1976లో, డిసెంబర్ 14 కల్లా సరస్సు గడ్డకట్టేసింది. రికార్డుల్లో అంత త్వరగా ఎప్పుడూ కట్టలేదు. ఆ తర్వాత క్రిస్మస్ నుంచి రోజూ ఎంతో కొంత మంచు పడుతూనే వచ్చింది. ఊళ్ళో పడిన మంచుని జనం చూస్తున్నారు, తిట్టుకుంటూ ఎత్తిపోస్తున్నారు. సరస్సు మీద పడినదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాతిక వేల చదరపు కిలోమీటర్ల మంచుగడ్డ మీద, గోధుమపిండిలా పొడిగా, నెలన్నర పాటు పేరుకుంటూ ఉంది.

జనవరి 28 శుక్రవారం. పొద్దున జనం మామూలుగా ఆఫీసులకి వెళ్ళారు. పదకొండు దాటాక గాలి వచ్చింది. జోరు గంటకి 110 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. కోస్తాలో తుఫాను చూసినవాళ్ళకి ఆ గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ గాలిలో వాన బదులు పిండిలాంటి మంచు ఉందనుకోండి. సరస్సు మీద పేరుకున్నదంతా లేచి ఊరి మీద పడింది. కొన్ని గంటల్లోనే చలి మైనస్ 3 నుంచి మైనస్ 18కి దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. నాలుగు రోజులు అదే. గాలి తోసిన మంచు కొన్ని చోట్ల 30 అడుగుల ఎత్తున దిబ్బలు కట్టింది. బఫెలో జూలో కంచె మంచులో కూరుకుపోతే మూడు రెయిన్‌డీర్లు దాని మీదుగా నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాయి. పిల్లలకి ఇక్కడ ఈ కథ చెప్తారు. పెద్దవాళ్ళు చెప్పుకునేది వేరే: చనిపోయినవాళ్ళలో తొమ్మిది మంది తమ కార్లలోనే, మంచు కింద, దొరికారు.

మా పక్కింటి పెద్దాయన అప్పుడు కుర్రాడు. డౌన్‌టౌన్‌లో ఆఫీసు. నాలుగింటికి బయల్దేరి నడుచుకుంటూ పోదాం, ఇల్లు రెండు మైళ్ళేగా అని ముగ్గురు లేచారట. వాళ్ళ సూపర్‌వైజర్ తలుపుకి అడ్డంగా నిలబడి, "నన్ను తోసుకుని వెళ్ళండి" అన్నాడట. వెళ్ళలేదు. మూడు రాత్రులు ఆఫీసు కార్పెట్ మీద పడుకున్నారు, వెండింగ్ మెషిన్‌లో బిస్కెట్లు తిన్నారు. ఈ సంగతి ఆయన నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ ఆ సూపర్‌వైజర్ దగ్గరికొచ్చేసరికి గొంతు మారుతుంది. ఆ తుఫానుకి అధ్యక్షుడు కార్టర్ ఫెడరల్ విపత్తు ప్రకటించారు. మంచు కారణంగా అలా ప్రకటించడం అమెరికాలో అదే మొదటిసారి.

సరిగ్గా ఏడాదికి, 1978 జనవరి 26న, ఈరీ సరస్సుకి దక్షిణపు ఒడ్డునే ఉన్న ఒహాయో రాష్ట్రాన్ని ఇంకో తుఫాను కుదిపేసింది. క్లీవ్‌లాండ్‌లో గాలి పీడనం 958 మిల్లీబార్లకి పడిపోయింది. అంత తక్కువ పీడనం మన బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లప్పుడు వింటుంటాం. ఒహాయోలో 51 మంది పోయారు.

ఇంకా వెనక్కి వెళ్తే నేల మీద కంటే నీళ్ళ మీదే ఎక్కువమంది పోయారు. 1913 నవంబర్ 7 నుంచి 10 వరకు గ్రేట్ లేక్స్ మీద, అంటే ఈరీతో కలిపి ఇక్కడున్న అయిదు పెద్ద సరస్సుల మీద, వచ్చిన తుఫానుని ఇక్కడ "తెల్ల హరికేన్" అంటారు. 250 మందికి పైగా చనిపోయారు, 12 ఓడలు మునిగాయి. ఎక్కువ నష్టం జరిగింది హ్యూరన్ సరస్సులో, 9వ తేదీ ఒక్క రోజున. హెచ్చరిక లేక కాదండీ. రేవుల్లో హెచ్చరిక జెండాలు ఎగురుతూనే ఉన్నాయి. కానీ అది సీజన్ చివర, సరస్సులు గడ్డకట్టేలోపు ఇంకో ట్రిప్పు వేస్తే ఆ డబ్బు వేరు. మధ్యలో గాలి కాస్త తెరిపిచ్చింది. అయిపోయింది అనుకుని చాలా ఓడలు లంగరు ఎత్తాయి. అసలు తుఫాను ఆ తర్వాతే వచ్చింది. బఫెలోకి పడమర, సరస్సులో దీపస్తంభం పని చేసే ఒక చిన్న ఓడ ఉండేది, దాని పేరు లైట్‌షిప్ 82. మిగతా ఓడలకి దారి చూపించడానికి అది అక్కడే లంగరు వేసి ఉండాలి, కదలకూడదు. అందులోని ఆరుగురూ పోయారు. ఆ ఆరుగురి గురించి చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మిగతావాళ్ళకి బయల్దేరడమా మానడమా అన్న ఎంపిక ఉంది, వీళ్ళకి అది కూడా లేదు.

నవంబర్ నెలంటే సరస్సుల మీద పనిచేసేవాళ్ళకి ఇప్పటికీ హడలే. 1940 నవంబర్ 11న పొద్దున వెచ్చగా ఉందని పల్చటి బట్టలతో బాతుల వేటకి వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి మిసిసిపీ నది లంకల్లో గడ్డకట్టి చనిపోయారు. మిషిగన్ సరస్సులో మూడు ఓడలు మునిగాయి. 1975 నవంబర్ 10న సుపీరియర్ సరస్సులో ఇనుప ఖనిజం మోస్తున్న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ 29 మందితో సహా మునిగిపోయింది. మంచు కూడా లేకుండా గాలి ఒక్కటే ఏం చేయగలదో బఫెలోకి 1844లోనే తెలిసింది. ఆ అక్టోబర్ 18 రాత్రి గాలి సరస్సు నీళ్ళని పడమటి ఒడ్డు నుంచి తోసుకొచ్చి ఊరి మీద పోసింది. 78 మంది కొట్టుకుపోయారు. ఉప్పెన మనకి కొత్త కాదు గానీ, మంచినీళ్ళ సరస్సుకి ఉప్పెన వస్తుందని నేనిక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను.

2006 అక్టోబర్ తుఫాను వేరే రకం. పడింది 22.6 అంగుళాలే, కానీ చెట్లకి ఆకులు ఇంకా రాలలేదు. తడి మంచు ఆకుల మీద నిలబడి కొమ్మలు విరిగిపోయాయి. రాత్రంతా దీపావళి బాంబుల్లా ఒకటే చప్పుడు. మేము కొత్తగా కొన్న ఇంటి ముందు మేపుల్ చెట్టు ఆ రాత్రే చీలిపోయింది. దాదాపు 4 లక్షల ఇళ్ళకి, షాపులకి కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు. గ్యారేజీలో జనరేటర్ పెట్టుకుని ఆ పొగతో ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. మీ అమ్మాయి ఏ ఇంట్లో అద్దెకి దిగినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో మొదటి రోజే చూసుకోమనండి. ఆ విషవాయువుకి వాసన ఉండదు.

ఇక 2022 డిసెంబర్. ఇది నేను ఇంట్లోంచి చూశాను. వెదర్ సర్వీస్ వాళ్ళు నాలుగు రోజుల ముందు నుంచే, ఇలాంటిది తరానికి ఒకసారి వస్తుందని చెప్తూనే ఉన్నారు. 23వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున ఇంకా వానే. పొద్దున లేచి చూసినవాళ్ళకి తుఫాను ఏదీ కనబడలేదు. బండి నడపకూడదన్న నిషేధం తొమ్మిదిన్నర ప్రాంతంలో అమల్లోకి వచ్చింది. అప్పటికే ఎంతోమంది పనికి వెళ్ళిపోయారు, కొందరు క్రిస్మస్ సరుకులకి బయల్దేరారు. నా ఉద్దేశంలో ఆ నిషేధం ముందు రోజు రాత్రే పెట్టాల్సింది. ఇక్కడ చాలామంది అదే అంటారు. తర్వాత 37 గంటల పాటు ఎదురుగా ఏమీ కనబడలేదు. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా దారిలో దిగబడిపోయాయి. కొన్ని గంటల పాటు ఎమర్జెన్సీకి ఫోన్ చేసినా వచ్చే నాథుడు లేడు.

శుక్రవారం రాత్రి పదిన్నరకి ఇల్లు వేడి చేసే మా ఫర్నేస్ ఆగిపోయింది. ఇంటి పక్క గోడలోంచి దాని గొట్టాలు రెండు బయటికి ఉంటాయి, గాలి తీసుకోవడానికి ఒకటి, పొగ వదలడానికి ఒకటి. వాటిని మంచు మూసేసింది. వెనక తలుపు నుంచి ఆ గొట్టాల దగ్గరికి పన్నెండు అడుగులు ఉంటుంది. రోజూ చెత్తబుట్ట పెట్టే చోటే. నడుముకి బట్టలారేసే తాడు కట్టుకున్నాను, రెండో కొస మా అబ్బాయి పట్టుకున్నాడు. గోడకి అరచెయ్యి ఆనించి, తడుముకుంటూ వెళ్ళాను. కళ్ళు తెరిస్తే రెప్పలు అతుక్కుపోతున్నాయి. తెరిచినా మూసినా ఒకటే తెలుపు. గొట్టాలని కళ్ళతో చూడలేదు, వేళ్ళకి తగిలితే తెలిసింది. గరిటెతో తవ్వి తీశాను. తిరిగొచ్చేసరికి పది నిమిషాలైందనుకున్నాను, మా అబ్బాయి గడియారంలో నాలుగు నిమిషాలు. పన్నెండు అడుగులకే తాడు కావాల్సి వచ్చిందంటే, రెండు మైళ్ళు నడిచి వెళ్దాం అనుకున్నవాళ్ళ సంగతి మీరే ఊహించండి.

అదే రోజు మధ్యాహ్నం మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు, కర్నూలు అబ్బాయి, ఫోన్ చేశాడు. "అన్నా, కారు కదలట్లేదు. ముందు ఏమీ కనబడట్లేదు. పెట్రోలు పావు ట్యాంకు ఉంది" అన్నాడు. మా ఇంటికి మూడు కిలోమీటర్లే. నేను వెళ్ళలేనని చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పాను. గంటకి పది నిమిషాలే ఇంజన్ వేసుకో, వేసే ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసెయ్యి, అద్దం వేలెడు దించి ఉంచు, కారు దిగి ఎటూ నడవకు అన్నాను. మూడు గంటల తర్వాత మళ్ళీ చేశాడు. గాలి ఆగిన ఒక్క క్షణంలో పక్కనే, ముప్పై అడుగుల్లో, ఒక ఇంటి క్రిస్మస్ లైట్లు కనబడ్డాయట. "వాళ్ళెవరో తెలీదన్నా, పండగ పూట ఎలా వెళ్ళి తలుపు కొట్టను?" అన్నాడు. గట్టిగా కేకలేశాను. మళ్ళీ లైట్లు కనబడిన క్షణంలో వాటినే చూస్తూ పరిగెత్తమన్నాను. వెళ్ళాడు. ఆ ఇంట్లో ముసలి దంపతులు లోపలికి లాగి, దుప్పటి కప్పి, సూప్ ఇచ్చారు. రెండు రాత్రులు వాళ్ళ సోఫాలోనే పడుకున్నాడు. ఆ రోజుల్లో ఊరంతా ఇలాంటి తలుపులు ఎన్నో తెరుచుకున్నాయి.

తెరుచుకోని చోట్లూ ఉన్నాయి. బఫెలో నగరంలో పోయినవాళ్ళలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు. నగరంలో వాళ్ళ వాటా అంత లేదు. సెలవు పెట్టే వీల్లేని ఉద్యోగాలు, దగ్గర్లో పెద్ద కిరాణా షాపు లేని పేటలు, సరిగా వేడెక్కని పాత ఇళ్ళు. తుఫాను అందరి మీదా ఒకేలా వచ్చింది గానీ, వారం సరుకులు నిల్వ చేసుకునే స్తోమత అందరికీ ఒకేలా లేదు. దీన్ని మంచు ఖాతాలో రాసేసి ఊరుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ముందు ముందు తగ్గుతాయా అంటే, చలికాలాలు మొత్తం మీద వెచ్చబడుతున్నాయి. కానీ సరస్సు కూడా వెచ్చగా ఉండి ఆలస్యంగా గడ్డకడితే, గట్టి చలిగాలి వచ్చిన రోజున ఆవిరికి అడ్డుండదు. 2022లో అయిదు వారాల్లో రెండు పెద్ద తుఫాన్లు వచ్చినప్పుడు ఈరీ మీద మంచుగడ్డ లేనే లేదు. కాబట్టి తగ్గుతాయన్న ఆశతో పంపించకండి, తెలుసుకుని పంపించండి.

మీ అమ్మాయికి చెప్పాల్సినవి పెద్దగా ఏమీ లేవు. చదివేది యూనివర్సిటీ ఎట్ బఫెలోలో అయితే నార్త్ క్యాంపస్ ఆమ్‌హర్స్ట్‌లోనే ఉంది. పెద్ద లేక్ ఎఫెక్ట్ తుఫాన్లు ఎక్కువగా దక్షిణం ఊళ్ళ మీద పడతాయి కాబట్టి ఆ వైపు కాస్త నయం. ఫోన్‌లో నేషనల్ వెదర్ సర్వీస్ బఫెలో హెచ్చరికలు పెట్టుకోమనండి. "వాచ్" అంటే సరుకులు తెచ్చుకోవాలి, "వార్నింగ్" అంటే కదలకూడదు. అందులో ఎన్ని అంగుళాలో చదివి ఊరుకోకుండా గాలి ఎంతో కూడా చదవాలి. నవంబర్ నుంచి మార్చి దాకా ఇంట్లో వారానికి సరిపడా బియ్యం, పప్పు, నీళ్ళు, మందులు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు ఉండాలి. తుఫాను రోజు ఫుడ్ ఆర్డర్ పెట్టొద్దని కూడా చెప్పండి. అది తెచ్చేది కూడా ఎవరి పిల్లాడో కదా. పార్ట్ టైమ్ ఉద్యోగంలో రమ్మని ఒత్తిడి చేస్తే ఆ ఉద్యోగం పోయినా ఫర్వాలేదని మీ నోటితో ఒకసారి చెప్పండి. పిల్లలు ఆ డబ్బు గురించే బయల్దేరతారు. ఎక్కడైనా చిక్కుకుపోతే, తలుపు కనబడితే, మొహమాటపడకుండా కొట్టమనండి.

ఇంకొకటి, జాకెట్ అక్కడ కొనకండి. హైదరాబాద్‌లో పదివేలు పెట్టి కొన్నవి ఇక్కడి గాలికి ఆగవు, పైగా సూట్‌కేస్ సగం అవే తింటాయి. సెప్టెంబర్ చివర్లో ఇక్కడే కొనుక్కోవచ్చు. బూట్లు మాత్రం చీలమండ పైదాకా వచ్చేవి, లోపల రెండు జతల సాక్సులు పట్టేలా ఒక సైజు పెద్దవి తీసుకోమనండి.